బెంగళూరులో తెలుగు పంక్: తరచుగా అడిగే ప్రశ్నలు

షో అయ్యాక గేటు దగ్గర, బ్యాండ్లు సాధన చేసే జామ్ రూమ్ బయట టీ కొట్టు దగ్గర, రాత్రి ఒంటిగంటకి వాట్సాప్‌లో, పంక్ అనే ఈ వేగమైన మొరటు రాక్ సంగీతాన్ని తెలుగులో వాయించే మమ్మల్ని అడిగేవే ఇవన్నీ. అడిగేవాళ్ళలో మారతహళ్ళి పీజీల్లో ఉండే ఐటీ పిల్లలున్నారు, యలహంక వైపు ఇంజనీరింగ్ చదివేవాళ్ళున్నారు, కె.ఆర్. పురంలో పుట్టి పెరిగి తెలుగు మాట్లాడతారే తప్ప చదవలేనివాళ్ళున్నారు, హిందూపురంలో రైలెక్కి వచ్చేవాళ్ళున్నారు. జవాబులు మా అనుభవంలోంచి వచ్చినవి. నచ్చకపోతే మీ పద్ధతిలో మీరు చేసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పంక్ అంటే అరుపులేనా? మెటల్‌కీ దీనికీ తేడా ఏంటి?

ఈ ఊళ్ళో ఈ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. బెంగళూరు మెటల్ ఊరు. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించి వెళ్ళారు. 1998లో మొదలైన క్రిప్టోస్ ఇక్కడి బ్యాండే. మెటల్ వాయించాలంటే ఏళ్ళ తరబడి సాధన కావాలి. వేగం, లెక్క, సోలో అన్నీ కుదరాలి. పంక్‌కి అంత ఓపిక లేదు. న్యూయార్క్ బ్యాండ్ రామోన్స్ 1976లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో పాటలు 14, మొత్తం నిడివి 29 నిమిషాలు, ఖర్చు సుమారు 6,400 డాలర్లు. చెప్పాల్సింది చెప్పేసి ఆపేయడమే.

అరుపు ఉండొచ్చు, లేకపోవచ్చు. అసలు తేడా పని ఎవరు చేస్తారన్న దగ్గరుంది. పాట కట్టేదీ, రికార్డు చేసేదీ, పోస్టర్ గీసేదీ, షో అయ్యాక కుర్చీలు సర్దేదీ బ్యాండులోని ఆ నలుగురే.

గిటార్ అంతంత మాత్రంగా వచ్చు. సరిపోతుందా?

సరిపోతుంది. పవర్ కార్డ్ ఒక్కటి పట్టడం నేర్చుకోండి. చూపుడువేలు లావు తీగ మీద ఏదో ఒక ఫ్రెట్‌లో (మెడ మీది అడ్డ కడ్డీల మధ్య గడి), ఉంగరపు వేలు పక్క తీగ మీద రెండు ఫ్రెట్లు ముందుకి. అంతే. మన లెక్కలో చెప్పాలంటే అది షడ్జమం, పంచమం. తంబూరాలో నిత్యం మోగే ఆ స, ప జంటే. మధ్యలో గాంధారం చేర్చి డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా చీల్చే ఎఫెక్ట్) పెంచారంటే శబ్దం గజిబిజి అవుతుంది, స-ప మాత్రం ఎంత పెంచినా గట్టిగా నిలబడుతుంది. పట్టు మార్చకుండా చేతిని పైకీ కిందికీ జరిపితే మూడు కార్డులు వచ్చేస్తాయి, మూడు కార్డులతో పాట వచ్చేస్తుంది.

కష్టమంతా కుడిచేతిది. రెండు నిమిషాలు ఆపకుండా కిందికే మీటుతూ పోవాలి. మొదటి వారం ముంజేయి పీకుతుంది. మెట్రోనోమ్ (లయ కొట్టే యాప్) పెట్టుకుని నిమిషానికి 120 దెబ్బల దగ్గర మొదలుపెట్టి 160 దాకా మెల్లగా పెంచండి. గిటార్ కాస్త తప్పినా జనం క్షమిస్తారు గానీ లయ తప్పితే తల ఊపడం ఆపేస్తారు. అందుకే బ్యాండులో ఒక్కరికే బాగా వచ్చి ఉండాలంటే ఆ ఒక్కరు డ్రమ్మరైతే మేలు.

తెలుగులో పాడితే ఎవరైనా వింటారా? ఇంగ్లీషులో అయితేనే పంక్‌లా ఉంటుందేమో?

మాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. కాబట్టి జవాబు కాస్త పొడుగే.

ఇంగ్లీషు మాటలు చాలావరకు హల్లుతో తెగుతాయి. అందుకే అక్కడి గాయకులు మాటని ఉమ్మేసినట్టు పలుకుతారు. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. పాదం చివర గొంతు తెరుచుకునే ఉంటుంది, ఎంతసేపు కావాలంటే అంతసేపు అరవచ్చు. పదిమంది కలిసి అరవడానికి ఇంతకంటే వీలైన భాష దొరకదు. మరి మధ్యలో దెబ్బ పడాలంటే? అందుకు ద్విత్వాలున్నాయి. కొట్టు, పట్టు, తిక్క, చెప్పు, బొక్క: స్నేర్ డ్రమ్ మీద ఇవి ఎక్కడ పడాలో అవే వెతుక్కుంటాయి. సినిమా పాటల్లోని మెత్తటి సమాసాలు మాత్రం ఈ వేగంలో నలిగిపోతాయి. ‘హృదయాంతరాళం’ అని నిమిషానికి 170 దెబ్బల మీద పాడి చూడండి, మీకే తెలుస్తుంది.

ఒక చిన్న ముక్క చూపిస్తాం. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె పట్టుకోవడం ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన మర్యాదే. దాని మీద కట్టింది:

గోడకి సున్నం నీది
గోడకి మేకు నాది
మేకు పీకితే వెయ్యి
గోడే పీకితే ఎంతోయి?

చివరి పాదం జనానికి వదిలేస్తాం. ‘ఎంతోయి’లో ‘యి’ని గది మొత్తం సాగదీస్తుంది. కన్నడ మాత్రమే వచ్చినవాళ్ళు కూడా రెండోసారికి అందుకుంటారు. అడ్వాన్సు పోగొట్టుకోనివాళ్ళు ఎవరున్నారు గనక!

ఏ తెలుగులో రాయాలి అంటే, ఇంట్లో మీ అమ్మతో పోట్లాడేటప్పుడు ఏ తెలుగు వస్తుందో అందులో. చిత్తూరు యాసైతే అదే, అనంతపురం యాసైతే అదే, సగం కన్నడం కలిసిన కోలారు తెలుగైతే ఇంకా మంచిది. తెలుగు లిపి రాకపోయినా ఇబ్బంది లేదు. కన్నడ అక్షరాల్లో తెలుగు పాట రాసుకుని పాడేవాళ్ళు మాలో ఉన్నారు.

ఇదంతా విదేశీ సరుకు కదా, మన సంస్కృతికి ఏం సంబంధం?

గిటార్ విదేశీదే. వయొలిన్ కూడా. మిగిలిన సంగతి చూద్దాం. 1965లో హైదరాబాదులో దిగంబర కవులు ఆరుగురు తమ మొదటి సంపుటిని అర్ధరాత్రి నడివీధిలో నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. 1966లో రెండోది విజయవాడలో, జంగాల చిట్టి అనే హోటల్ కార్మికుడి చేత. మంత్రినీ పిలవలేదు, పండితుణ్నీ పిలవలేదు. అసలు పేర్లు పక్కనపెట్టి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అని కొత్త పేర్లు పెట్టుకున్నారు. సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండులోని లండన్ కుర్రాళ్ళు రాటెన్, విషస్ అని పేర్లు మార్చుకోవడానికి ఇంకా పదేళ్ళుంది. వాళ్ళు పంక్ కవులని మేం అనడం లేదు, అంటే వాళ్ళలో బతికున్నవాళ్ళు కోప్పడతారు కూడా. పద్ధతి మనకి కొత్త కాదంటున్నాం, అంతే. బళ్ళో చేత్తో రాసి, బొమ్మలేసి, చేతులు మారుతూ తిరిగిన లిఖిత పత్రికలు కూడా ఆ దారిలోవే.

కన్నడ నేల మీద తెలుగు పాట పాడితే గొడవ అవుతుందా?

షోలో ఎవరూ గొడవ పెట్టింది లేదు. మాకున్న అలవాటు మాత్రం చెబుతాం. మైకు పట్టుకోగానే నాలుగు మాటలు కన్నడంలో మాట్లాడతాం, పాట దేని గురించో కన్నడంలో చెబుతాం, పోస్టర్ మీద కన్నడం కచ్చితంగా వేస్తాం. వీలైనంతవరకు ఒక కన్నడ బ్యాండో తమిళ బ్యాండో లేకుండా షో పెట్టం. ఉత్త తెలుగువాళ్ళే కూర్చుని తెలుగువాళ్ళకే పాడుకుంటే అది అసోసియేషన్ ఉగాది ఫంక్షన్ అవుతుంది. పులిహోర ఒక్కటే తక్కువ. చింతామణి దగ్గర కైవారంలో ఒకప్పుడు ఉన్న యోగి నారేయణ, జనం కైవారం తాతయ్య అనే ఆయన, తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు పాడారు. ఈ ప్రాంతంలో రెండు భాషలూ ఒకే నోట పలకడం ఎప్పటినుంచో ఉన్నదే.

ప్రాక్టీస్ ఎక్కడ చెయ్యాలి? ఫ్లాట్‌లో కుదరదు.

కుదరదు. గోడలకి గుడ్ల ట్రేలు అంటిస్తే చప్పుడు బయటికి పోదని ఎవరైనా చెబితే నమ్మకండి. అవి గదిలో ప్రతిధ్వనిని కొంచెం తగ్గిస్తాయి తప్ప శబ్దాన్ని ఆపవు. ఆపాలంటే బరువు కావాలి: మందపాటి గోడ, మందపాటి తలుపు, సందుల్లేని కిటికీ. అద్దె ఇంట్లో అవేవీ మన చేతిలో ఉండవు. డ్రమ్ బేస్ దెబ్బ స్లాబు గుండా దిగి కింది ఇంటివాళ్ళ వంటగిన్నెల్లో మోగుతుంది.

గంటల లెక్కన అద్దెకిచ్చే జామ్ రూములు ఊళ్ళో చాలానే ఉన్నాయి. డ్రమ్ కిట్, ఆంప్‌లు (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెలు), మైకులు అక్కడే ఉంటాయి. స్టిక్స్, కేబుళ్ళు, ఒక సెట్ తీగలు మీరు తీసుకెళ్ళాలి. పనిరోజు పొద్దున అడిగితే ధర తగ్గించేవాళ్ళున్నారు, నైట్ షిఫ్టు వాళ్ళకి ఇది వరం. అయితే గదికి వెళ్ళాక పాట నేర్చుకోవద్దు, డబ్బు దండగ. ఆంప్ పెట్టకుండా ఉత్త ఎలక్ట్రిక్ గిటార్, తలగడ మీద స్టిక్స్, గొంతు తగ్గించి పాట: ఇలా ఇంట్లోనే వరస అంతా కుదుర్చుకుని, గదిలో ఆ రెండు గంటలూ ఆపకుండా వాయించండి.

సామాను కొనాలంటే ఎంత అవుతుంది?

కొత్తది కొనకండి. ప్రతి ఏడాదీ కొన్ని వందలమంది ఐటీవాళ్ళు గిటార్ కొని, మూడు నెలలు వాయించి, మంచం కింద పెట్టేసే ఊరిది. ఊరు మారేటప్పుడు వచ్చినకాడికి అమ్మేస్తారు. కొనేముందు నాలుగు చూడండి. మెడ వంగిందేమో కంటికెదురుగా పట్టి చూడాలి. ప్రతి ఫ్రెట్‌లోనూ నొక్కి తీగ జరజరలాడుతోందేమో వినాలి. మెడ చివర తీగలు బిగించే చెవులు తిప్పితే శ్రుతి నిలుస్తోందా? జాక్ కదిపితే గరగర వస్తోందా? చివరిది ఒక్కటే అయితే భయపడొద్దు, బేరమాడడానికి పనికొస్తుంది. లోపల తీగ ఊడి ఉంటుంది, సోల్డర్ పెడితే సరి.

కేబుళ్ళు మీరే చేసుకోండి. ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే ఎస్.పి. రోడ్డుకి వెళ్ళి రెండు 6.35 మిల్లీమీటర్ల మోనో జాక్‌లు, మూడు మీటర్ల షీల్డెడ్ వైరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ అడగండి. వైరు చివర తొక్క తీస్తే చుట్టూ జల్లెడలా అల్లిన సన్న తీగలుంటాయి. వాటిని మెలేసి జాక్‌లో పొడుగ్గా ఉన్న రేకుకి అతికించాలి, అది గ్రౌండ్. మధ్యలో ఉన్న తీగ చిన్న రేకుకి. అతికించింది మళ్ళీ విప్పాల్సిన పని లేకుండా జాక్ మూతని ముందే వైరుకి తొడగాలి, ఈ ఒక్కటి అందరూ మరిచిపోతారు. గ్రౌండ్ సరిగా అతకకపోతే ఆంప్ ‘హుమ్మ్’ అంటుంది, అప్పుడు మళ్ళీ చెయ్యండి. దుకాణంలో కొన్న చవక కేబుల్ కంటే ఇది ఎక్కువ కాలం వస్తుంది, తెగినా బాగుచేయడం మీకు వచ్చు.

స్టూడియోకి డబ్బుల్లేవు. రికార్డింగ్ ఎలా?

ముందు ఫోన్. ప్రాక్టీస్ గదిలో డ్రమ్స్ దగ్గర కాకుండా ఎదురు మూలలో, ఛాతీ ఎత్తున స్టూలు మీద పెట్టండి. తర్వాత ఫోన్‌ని కదిలించడం కాదు, మనుషులు కదలాలి: గిటార్ మునిగిపోతే ఆంప్‌ని ఫోన్ వైపు తిప్పండి, డ్రమ్స్ మింగేస్తుంటే ఫోన్‌ని కాదు డ్రమ్మర్‌ని బతిమాలండి. ఒక సాయంత్రం పోతుంది, కానీ బ్యాండ్ ఎలా వినబడుతుందో మొదటిసారి తెలుస్తుంది.

దాని తర్వాత మెట్టు, మైకుని కంప్యూటర్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, ష్యూర్ ఎస్ఎమ్ 57 లాంటి మైకు ఒకటి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడాసిటీ ఉచితం. రీపర్‌ని 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఇంగ్లండులో మాంచెస్టర్ కుర్రాళ్ళు బజ్‌కాక్స్ 500 పౌండ్లు అప్పుచేసి, నాలుగు పాటలు రికార్డు చేసి, 1977 జనవరిలో తమ సొంత లేబుల్ మీద వెయ్యి కాపీలు వేశారు. కవరు మీద ఏ పాట ఎన్నో టేకులో కుదిరిందో కూడా అచ్చువేశారు. మిగతావాళ్ళు చూసి ‘ఓస్, ఇంతేనా’ అనుకోవాలని. మీరూ అలాగే చెయ్యండి. పాట కింద ఏ గదిలో, ఏ మైకుతో, ఎంత ఖర్చుతో చేశారో రాయండి. తర్వాత వచ్చే పిల్లకి మీ పాట కంటే ఆ నాలుగు వాక్యాలే ఎక్కువ పనికొస్తాయి.

షో ఎక్కడ పెట్టాలి? పబ్బులు ఒప్పుకోవడం లేదు.

పబ్బుకి కావలసింది బిల్లు. బీరు అమ్ముడుపోవాలంటే జనానికి తెలిసిన పాట కావాలి, అందుకే కవర్ బ్యాండ్లని పిలుస్తారు. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. ఇందిరానగర్‌లో సొంత పాటల బ్యాండ్లకి చోటిచ్చిన హమ్మింగ్ ట్రీ 2019లో మూతపడింది. పైగా 21 ఏళ్ళు నిండనివాళ్ళని పబ్బులో రానివ్వరు. పంక్ వినాల్సిన వయసేమో 16.

అందుకని పబ్బు సంగతి వదిలేయండి. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, డాన్స్ క్లాసు హాలు, చిన్న నాటక బృందాల రిహార్సల్ హాలు, ఖాళీగా ఉండే కెఫే పై అంతస్తు. మూడింటికి మొదలుపెట్టి ఏడింటికి ముగిస్తే చుట్టుపక్కలవాళ్ళకి ఇబ్బంది తక్కువ, అమ్మాయిలకి ఇంటికి వెళ్ళడం తేలిక, మెట్రో ఉంటుంది. ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే పోలీసు అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనల ప్రకారం కుదరనే కుదరదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. మామూలు మాటలే దాదాపు 60 ఉంటాయి, డ్రమ్స్ సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి టెర్రస్ మీద షో అనే ఆలోచన ఎంత అందంగా ఉన్నా మానుకోండి. షోకి రెండ్రోజుల ముందు పక్కింటివాళ్ళ తలుపు తట్టి, ‘అమ్మా, ఆదివారం ఏడింటిదాకా చప్పుడుంటుంది, ఇదిగో నా నంబరు, ఇబ్బందైతే నాకే ఫోన్ చెయ్యండి’ అని చెప్పండి. పోలీసులకి వెళ్ళాల్సిన ఫోను మీకు వస్తుంది.

1996 నుంచి ఆగస్టు 15 చుట్టూ జరిగే ఫ్రీడమ్ జామ్ అనే సంగీతోత్సవం పేరు కూడా గుర్తుపెట్టుకోండి. ఉచిత ప్రవేశం, కొత్తవాళ్ళకి చోటు.

టికెట్ పెట్టాలా? డబ్బు ఎలా పంచుకోవాలి?

పెట్టండి, కానీ ఒక సినిమా టికెట్ ధర దాటకూడదు. వాషింగ్టన్ బ్యాండ్ ఫుగాజీ పేరు పెద్దదయ్యాక కూడా 5 డాలర్ల టికెట్టే ఉంచింది, అన్ని వయసులవాళ్ళనీ రానిచ్చింది. డబ్బు లేదన్నవాళ్ళని గేటు దగ్గర నిలబెట్టి సిగ్గుపడేలా చెయ్యొద్దు, కుర్చీలు మోయమనండి.

పంపకంలో మా వరస ఇది: హాలు అద్దె, సౌండ్ మనిషి కూలి, బయటూరి నుంచి వచ్చిన బ్యాండ్ రైలు ఛార్జీలు, భోజనం. మిగిలింది అన్ని బ్యాండ్లకీ సమానం, చివర్న వాయించినవాళ్ళకి ఎక్కువ, మొదట వాయించినవాళ్ళకి తక్కువ అని లేదు. అంతా చార్ట్ పేపర్ మీద స్కెచ్ పెన్నుతో రాసి గేటు పక్కన అతికిస్తాం. స్నేహాలు పాట దగ్గర చెడవు, లెక్క దగ్గర చెడతాయి.

పాటలు అమ్మడానికి బ్యాండ్‌క్యాంప్ ఉంది. డిజిటల్ అమ్మకంలో 15 శాతం వాళ్ళు తీసుకుంటారు. షోలో అయితే టేబుల్ మీద యూపీఐ క్యూఆర్ చాలు.

పోస్టర్లు, జైన్‌లు డిజైనర్ లేకుండా ఎలా?

జైన్ అంటే మనమే రాసి, బొమ్మలేసి, జిరాక్స్ తీసి పంచుకునే చిన్న పత్రిక. ఒక ఏ4 కాగితం చాలు. మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్ళు వస్తాయి. అడ్డంగా సగానికి మడిచి, మడత వైపు నుంచి మధ్య గీత వెంట సగందాకా కత్తిరించండి. మళ్ళీ విప్పి, నిలువు మడత పెట్టి రెండు చివర్లూ లోపలికి నెడితే పుస్తకంలా ముడుచుకుంటుంది. పిన్ను అక్కర్లేదు. ఖాళీ కాగితంతో ముందు ఇలా చేసి పేజీల నంబర్లు వేసి విప్పండి, ఏ గడిలో ఏ పేజీ తలకిందులుగా రావాలో తెలిసిపోతుంది. ఒకవైపే జిరాక్స్, కాబట్టి ఖర్చు సగం.

తెలుగు విషయంలో ఒక హెచ్చరిక. జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో మీ ఫాంటు ఉండదు, ఫైలు తెరవగానే ఒత్తులు విడిపోయి పక్కకి వచ్చి కూర్చుంటాయి, ‘స్వేచ్ఛ’ ముక్కలైపోతుంది. పీడీఎఫ్ చేసి తీసుకెళ్ళండి. ఇంకా మంచిది, లావు మార్కరుతో చేత్తో రాయండి. తెలుగు గుండ్రటి అక్షరాలు ముతక జిరాక్స్‌లో చాలా బాగుంటాయి. ఫోటోలైతే కాపీకి కాపీ తీస్తూ పోండి, మూడో తరానికి బూడిదరంగు పోయి నలుపూ తెలుపే మిగులుతాయి.

గోడలకి అంటించకండి. 1981 నాటి కర్ణాటక చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశాల్ని పాడుచేయడం నేరం. జామ్ రూములు, టీ కొట్లు, పుస్తకాల షాపుల్లో అడిగితే కాదనరు. జనవరిలో కుమారకృప రోడ్డు మీద చిత్రకళా పరిషత్ వాళ్ళ చిత్రసంతె జరుగుతుంది. ఆరోజు సంచిలో జైన్‌లు వేసుకుని తిరిగినా తిరగకపోయినా, చూడ్డానికైనా వెళ్ళండి.

అమ్మాయిలు తక్కువెందుకు వస్తారు?

‘ఎందుకు రారు’ అని అడిగే ముందు బాత్రూమ్ చూడండి. గడియ పడుతుందా, నీళ్ళున్నాయా, లైటుందా? మా అనుభవంలో జనం సగం మారింది అక్కడే. మిగతా సగం, స్టేజీ మీద అమ్మాయి కనిపించడంతో మారింది. 1990లో అమెరికాలోని ఒలింపియాలో మొదలైన పంక్ బ్యాండ్ బికినీ కిల్ తమ షోల్లో అమ్మాయిల్ని ముందు వరసలోకి పిలిచేది. మేమూ అదే చేస్తాం. గుంపులో తోసుకోవడం ఉంటుంది, పడినవాళ్ళని వెంటనే లేపడం ఉంటుంది, చెయ్యి ఎక్కడో వేసినవాణ్ని పాట మధ్యలో ఆపి బయటికి పంపడం కూడా ఉంటుంది. టికెట్ డబ్బులు తిరిగివ్వం.

నేను మదనపల్లెలో ఉంటాను. బెంగళూరు రాకపోతే కుదరదా?

పైన చెప్పిన ఒలింపియా చిన్న ఊరే. అక్కడే 1982లో కె రికార్డ్స్ అనే చిన్న లేబుల్ మొదలైంది, క్యాసెట్లతో. చిన్న ఊళ్ళో అద్దె తక్కువ, చోటెక్కువ, ఆదివారం చేయడానికి వేరే ఏమీ ఉండదు. ఈ మూడూ బెంగళూరులో లేవు.

మీ ఊళ్ళో షామియానా సౌండ్ సర్వీస్ ఉంటుంది. మైకులు, మిక్సర్, పెద్ద బాక్సులు అన్నీ వాళ్ళ దగ్గరే. ఒకటి చూసుకోండి: గిటార్‌ని నేరుగా మిక్సర్‌కి పెడితే దోమ రొదలా ఉంటుంది. మధ్యలో డిస్టార్షన్ పెడల్, డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే డబ్బా) పెట్టండి, లేదా చిన్న ఆంప్ ముందు మైకు పెట్టండి. పెళ్ళిళ్ళు లేని మూఢంలో వెళ్తే సౌండ్ అన్న సగం ధరకే వస్తాడు, మీకంటే ఎక్కువ సరదాపడతాడు. తప్పెట వాయించేవాళ్ళు ఊళ్ళో ఉంటే డ్రమ్ కిట్ కోసం ఆగకండి. వాళ్ళనే అడగండి, మిగతావాళ్ళతో సమానంగా డబ్బివ్వండి.

కాపీరైట్ రిజిస్టర్ చెయ్యాలా?

అక్కర్లేదు. 1957 చట్టం ప్రకారం పాట పుట్టగానే హక్కు మీదే, మీ తర్వాత 60 ఏళ్ళు. ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో బ్యాండులో మీలో మీరు ముందే కాగితం మీద పెట్టుకోండి. సినిమా పాటని పంక్‌గా మార్చి వాయించి పైసలు చేసుకోవాలంటే మాత్రం లైసెన్సుల గొడవ ఉంది.

ఇంట్లో ఏమని చెప్పాలి?

‘మ్యూజిక్ క్లాసు.’

చెవులు పాడవుతాయా?

అవుతాయి, ఇందులో జోకు లేదు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు తట్టుకునే చెవికి, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు, చిన్న గదిలో మన షో చప్పుడు ఆ 100 కంటే తక్కువ ఉండదు. మెడికల్ షాపులో దొరికే నురుగు ఇయర్‌ప్లగ్స్ చాలు. సన్నగా నలిపి, చెవిని పైకి లాగి పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోండి. గేటు దగ్గర ఒక డబ్బా ఉంచుతాం, ఊరికే తీసుకోవచ్చు. సింబల్స్ అనే ఇత్తడి పళ్ళేల పక్కనే కూర్చునేది డ్రమ్మర్ కాబట్టి మొదటి జత వాళ్ళకి.